హోం ఫ్లీట్ తగాదా: బ్రిటన్ నేవీ చర్చకు 1907 నాటి మూలం

బ్రిటన్ విమానవాహక నౌక మన సముద్రాల వైపు బయల్దేరిన ప్రతిసారీ లండన్‌లో ఒకటే ప్రశ్న. ఉత్తర అట్లాంటిక్‌లో రష్యా జలాంతర్గాములు తిరుగుతుంటే, ఉన్న కాసిని నౌకలనూ అంత దూరం పంపడం ఎందుకు? 2021లో క్వీన్ ఎలిజబెత్ నౌక బంగాళాఖాతంలో మన నేవీతో విన్యాసాలు చేసినప్పుడూ, 2025లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ నౌక ఇటు వచ్చినప్పుడూ ఇదే వాదన నడిచింది. ఆ చర్చ మళ్లీ రాజుకుంది. లెక్కల్లో ఉన్న నౌకలెన్ని, సిబ్బందితో సిద్ధంగా ఉన్నవెన్ని అన్నది దానిలో అసలు ముడి.

డ్రెడ్‌నాట్ అనే కొత్త తరహా యుద్ధనౌక కథ, జర్మనీతో పోటీ, 1916 నాటి జట్లాండ్ నౌకాయుద్ధం చాలామందికి తెలిసినవే. ఈ ముడి పడింది మాత్రం 1906 అక్టోబర్‌లో, హోం ఫ్లీట్ అనే కొత్త దళాన్ని ఏర్పాటు చేస్తున్నామని అడ్మిరాల్టీ, అంటే నేవీని నడిపే ప్రభుత్వ విభాగం, ప్రకటించిన రోజున.

అప్పటికి నేవీ పగ్గాలు జాన్ ఫిషర్ చేతిలో ఉన్నాయి. శ్రీలంకలో పుట్టిన ఫిషర్ 1904లో ఫస్ట్ సీ లార్డ్, అంటే నేవీ అధిపతి, అయ్యాడు. వస్తూనే పాత నౌకలను 150కి పైగా తీసేశాడు. 1905-06 నేవీ బడ్జెట్‌లో 35 లక్షల పౌండ్లు తగ్గించాడు. రిజర్వు నౌకల్లో పూర్తి సిబ్బందికి బదులు ఐదింట రెండు వంతుల మందిని ఉంచే పద్ధతి తెచ్చాడు. హోం ఫ్లీట్ చాలావరకు ఈ రిజర్వు నౌకలతోనే తయారైంది. దానికి ఛానల్, అట్లాంటిక్, మెడిటరేనియన్ ఫ్లీట్ల నుంచి తలా కొన్ని బ్యాటిల్‌షిప్పులు (పెద్ద యుద్ధనౌకలు) తెచ్చి కలిపారు. జర్మనీని రెచ్చగొట్టకుండా, ఖర్చు పెంచకుండా, ఉత్తర సముద్రానికి దగ్గర్లో బలం కూడగట్టామన్నది ఫిషర్ మాట.

1907 ఏప్రిల్‌లో ఛానల్ ఫ్లీట్ బాధ్యత తీసుకున్న అడ్మిరల్ చార్లెస్ బెరెస్‌ఫర్డ్ దీనికి అడ్డం తిరిగాడు. చరిత్ర పుస్తకాల్లో అతన్ని ఎక్కువగా అసూయపరుడిగా, ఆర్భాటపు మనిషిగా చూపిస్తారు. అతని స్వభావం ఎలాంటిదైనా, అడిగిన ప్రశ్న మాత్రం సూటిగా ఉంది. యుద్ధం వస్తే హోం ఫ్లీట్ అతని కిందికే రావాలి. శాంతికాలంలో మాత్రం అది ఫ్రాన్సిస్ బ్రిడ్జ్‌మన్ అనే మరో అడ్మిరల్ కింద, విడిగా ఉంటుంది. కలిసి పోరాడాల్సిన నౌకలు కలిసి సాధన చేయకపోతే ఎలా? సగం సిబ్బంది కూడా లేని నౌకను రేపు ఉదయం యుద్ధానికి తీసుకెళ్లగలమా? చిన్న క్రూయిజర్లు, డిస్ట్రాయర్లు చాలడం లేదనీ అతను పదే పదే రాశాడు. హోం ఫ్లీట్ ప్రజలను మోసం చేయడమేనని, సామ్రాజ్యానికే ప్రమాదమని నేవీ మంత్రికి నేరుగా చెప్పాడు.

జవాబు ఇవ్వాల్సింది పోయి, అడ్మిరాల్టీ దీన్ని క్రమశిక్షణ సమస్యగా చూసింది. 1907 నవంబర్‌లో తన కింద పనిచేసే అడ్మిరల్ పెర్సీ స్కాట్‌తో నౌకలకు రంగులు వేసే పని మీద రేగిన గొడవ పత్రికలకెక్కింది. చివరికి విధానం గురించి మొదలైన చర్చ ఇద్దరు మనుషుల పోట్లాటగా మిగిలింది. నా దృష్టిలో నేవీకి జరిగిన పెద్ద నష్టం ఇదే. ఆఫీసర్లు రెండు ముఠాలుగా చీలిపోయారు.

1909 మార్చిలో బెరెస్‌ఫర్డ్‌ను గడువుకు ముందే దించేశారు. ఆ వెంటనే ఛానల్ ఫ్లీట్‌ను హోం ఫ్లీట్‌లో కలిపి, మొత్తాన్ని ఒకే అడ్మిరల్ విలియం మే కింద పెట్టారు. అంటే బెరెస్‌ఫర్డ్ రెండేళ్లుగా అడుగుతున్న పనిని, అతన్ని పంపించాక చేశారు. బెరెస్‌ఫర్డ్ ఫిర్యాదుపై ప్రధాని ఆస్క్విత్ అధ్యక్షతన విచారణ జరిగింది. దేశానికి ప్రమాదమేమీ కలగలేదని ఆగస్టులో తేల్చినా, రెండు పక్షాలనూ తప్పుపట్టింది. 1910 జనవరిలో ఫిషర్ కూడా పదవి వదిలాడు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914 ఆగస్టులో అడ్మిరల్ జెల్లికో చేతికి వచ్చిన గ్రాండ్ ఫ్లీట్‌కు, అంటే బ్రిటన్ ప్రధాన నౌకాదళానికి, మూలం ఈ ఏకమైన హోం ఫ్లీటే.

అయితే బలమంతా ఇంటి దగ్గర పోగుపడితే దూరపు సముద్రాలు పలచబడ్డాయి. 1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ క్రూయిజర్ ఎమ్‌డెన్ మద్రాసు మీద సుమారు 130 గుండ్లు పేల్చి, బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబెట్టి, ఏ దెబ్బా తగలకుండా వెళ్లిపోయింది. జనం ఊరు వదిలి పారిపోయారు. బంగాళాఖాతంలో సరుకు నౌకలు కదలడానికి భయపడ్డాయి. ఒకే ఒక్క నౌక ఇంత పని చేసింది. క్రూయిజర్ల కొరత గురించి బెరెస్‌ఫర్డ్ రాసిన ఉత్తరాలకు అప్పటికి ఏడేళ్లు.

నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర దాన్ని ఆపింది సిడ్నీ, అంటే ఆస్ట్రేలియా నేవీ క్రూయిజర్. ఆ దేశం సొంత ఫ్లీట్ పెట్టుకోవడానికి ఒప్పందం కుదిరింది 1909 వేసవిలో, లండన్‌లోనే, బెరెస్‌ఫర్డ్ ఫిర్యాదుపై విచారణ నివేదిక వెలువడిన రోజుల్లో.