కవలల్లో ఒకరికి స్కిజోఫ్రీనియా వస్తే రెండోవారికీ వచ్చి తీరుతుందా?

విజయనగరంలో సైకియాట్రీ ఓపీ చూస్తుంటాను. స్కిజోఫ్రీనియా అంటే లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు రావడం వంటి లక్షణాలుండే మానసిక జబ్బు. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకణ్ణి చూపించడానికి వచ్చిన తల్లి, మందుల చీటీ చేతికిచ్చాక మెల్లగా అడుగుతుంది: "రెండోవోడికీ వచ్చీసినట్టేనా బాబూ?"

అపోహ: పోలిక ఒకటే కాబట్టి జబ్బూ ఇద్దరికీ ఖాయం.

వాస్తవం: కాదమ్మా. డెన్మార్క్‌లో 1951–2000 మధ్య పుట్టిన 31 వేలకు పైగా కవల జంటల రికార్డులు చూసి 2018లో లెక్క తేల్చారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి స్కిజోఫ్రీనియా ఉంటే రెండోవారికీ ఉన్నది 33 శాతం. పాత, చిన్న అధ్యయనాలు సగం దాకా చెప్పాయి. ఎలా చూసినా ఖాయం కాదు. అయితే ఇది మామూలు జనంలో సుమారు నూటికి ఒకరికి వచ్చే జబ్బు, కాబట్టి ముప్పు చిన్నదీ కాదు. రెండోవాడి నిద్ర, మాటతీరు మారితే వెంటనే తీసుకురమ్మంటాను. గంజాయి జోలికి అసలు పోనివ్వొద్దంటాను.

అపోహ: తల్లి పెంపకం లోపం. లేదా ఎవరో చిల్లంగి (చేతబడి) పెట్టారు.

వాస్తవం: వేర్వేరు అండాల కవలలు కూడా ఒకే కడుపున పుట్టి, ఒకే తల్లి చేతి ముద్ద తిని పెరుగుతారు. అదే అధ్యయనంలో వాళ్లలో రెండోవారికీ ఉన్నది 7 శాతమే. పెంపకమే కారణమైతే ఈ రెండు అంకెలూ దగ్గరగా ఉండాలి. ఒకే అండం కవలలకు జన్యువులు దాదాపు అన్నీ ఉమ్మడి, వేర్వేరు అండాల కవలలకు సగటున సగం. తేడా అక్కడుంది. చిల్లంగి తీయించడానికి నెలలు తిరిగి వచ్చేవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆలస్యమైనకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది.

అపోహ: "79 శాతం వంశపారంపర్యం" అంటే పిల్లలకు 79 శాతం వస్తుంది.

వాస్తవం: ఆ డెన్మార్క్ అధ్యయనమే చెప్పిన ఈ అంకె పట్టుకుని పెళ్లి సంబంధాలు తెంచుకుంటారు. జనంలో మనిషికీ మనిషికీ ఈ జబ్బు ముప్పులో ఉండే తేడాల్లో జన్యువుల వాటా అది, ఒక బిడ్డకు వచ్చే అవకాశం కాదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లల్లో సుమారు పదిమందిలో ఒకరికి వస్తుంది.

అపోహ: అంతా జన్యువులే.

వాస్తవం: 1990లో అమెరికాలో, ఒకరికే జబ్బున్న 15 ఏకాండ కవల జంటల మెదళ్లను ఎంఆర్ఐ తీశారు. 14 జంటల్లో జబ్బున్నవారి ఎడమ హిప్పోక్యాంపస్ (జ్ఞాపకశక్తికి ముఖ్యమైన మెదడు భాగం) ముందు భాగం చిన్నదిగా ఉంది. జన్యువులు ఒకటే, మెదడు మాత్రం వేరు. కాన్పులో బిడ్డకు ఆక్సిజన్ తగ్గడం వంటివి ముప్పును కొంత పెంచుతాయి. అందుకే కవలల తల్లిని నేను ఆ కాన్పు గురించి అడుగుతాను: ఎవరు బరువు తక్కువ, ఎవరు పుట్టగానే ఏడవలేదు అని.