కాఖేతీ వైన్, తంగేడు చెక్క, మన లాలాజలం

జార్జియా రాజధాని తబిలిసిలో వైద్యవిద్య చదువుతున్న కూతురిని చూడడానికి వెళ్ళి, పనిలో పనిగా ఆ దేశపు తూర్పు ప్రాంతమైన కాఖేతీలో కొన్ని కుటుంబాల వైన్ కొట్లను కూడా చూసివచ్చిన విశాఖపట్నం పాఠకులొకరు ఈ మధ్య రెండు ప్రశ్నలు పంపారు. తెల్ల ద్రాక్షతో చేసిందని చెప్పి తేనె రంగులో ఉన్న వైన్ పోశారట. గుక్క మింగగానే పచ్చి జీడిమామిడి పండు కొరికినట్టు నోరంతా పిడచకట్టుకుపోయిందట. తెల్ల వైన్‌కు అంత వగరు ఎక్కడిది అన్నది మొదటి ప్రశ్న. అదే కూజాలోది తాగిన తన భార్యకు అంత వగరు ఎందుకు తగలలేదు అన్నది రెండవది. చక్కెరను ఈస్టు ఆల్కహాలుగా మార్చే సంగతి పదో తరగతి పిల్లలకూ తెలిసినదే కనుక దాన్ని వదిలేసి నేరుగా వగరు దగ్గరికే వెళతాను.

మొదటి ప్రశ్నకు జవాబు ఆ ఇళ్ళ నేలలోనే ఉంది. కాఖేతీ కుటుంబాలు మరానీ అని పిలుచుకునే వైన్ కొట్లలో కోడిగుడ్డు ఆకారంలో ఉండే పెద్ద పెద్ద మట్టి పాత్రలను, లోపల తేనెమైనం పూసి, మూతి మాత్రమే పైకి కనిపించేలా భూమిలో పాతిపెడతారు. వీటిని క్వెవ్రీలంటారు. ఈ తయారీ పద్ధతిని యునెస్కో 2013లో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అదే దేశంలో తవ్వకాల్లో దొరికిన, సుమారు 8,000 ఏళ్ళ నాటి కుండపెంకులలో ద్రాక్షకు గుర్తయిన టార్టారిక్ ఆమ్లపు జాడలు ఉన్నాయని 2017లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. మామూలుగా తెల్ల వైన్ చేసేవారు ద్రాక్షను పిండిన వెంటనే రసాన్ని తొక్కల నుంచి వేరుచేసి పులియబెడతారు. తొక్కలతో కలిపి పులియబెట్టడం ఎర్ర వైన్‌కే పరిమితం. కాఖేతీలో మాత్రం ర్కాత్సితేలి వంటి తెల్ల ద్రాక్షను కూడా తొక్కలు, గింజలు, కాడలతో సహా క్వెవ్రీలో పోసి, పులియడం పూర్తయ్యాక మూత బిగించి, మళ్ళీ వసంతం వచ్చేదాకా, అంటే అయిదారు నెలలు, కదపకుండా ఉంచుతారు. వగరునిచ్చే టానిన్లు ఉండేది ఆ తొక్కలలోను, గింజలలోను, కాడలలోనే. తేనె రంగు కూడా ఆ నానుడు వల్ల వచ్చినదే.

ఇంతవరకు అది వంటకానికి సంబంధించిన విషయం. నాకు అసలు ఆసక్తి కలిగించేది, ఆ టానిన్ నోట్లోకి వచ్చిన తరువాత జరిగే పని. ఆ పనిని మన పల్లెల్లో తరతరాలుగా చేసిన వారున్నారు. ఊరి చివర నేలలో గొయ్యి తీసి, అందులో తంగేడు చెక్కను, కొన్ని చోట్ల తుమ్మ చెక్కను నానబెట్టి, ఆ కషాయంలో పచ్చి తోళ్ళను వారాల తరబడి ఊనబెట్టే లంద అది. మాదిగ వృత్తికారులు లందలో పచ్చి తోలుకు ఏం చేసేవారో, కాఖేతీ వైన్ ఆ పాఠకుడి నోటికి సరిగ్గా అదే చేసింది. మన బడి పుస్తకాలలో రసాయనశాస్త్రం పరీక్షనాళికతో మొదలవుతుంది. లందతో మొదలుపెట్టి ఉంటే పిల్లలకు రసాయనంతోపాటు ఆ పని చేసిన చేతుల మీద గౌరవం కూడా అబ్బేదని నా నమ్మకం.

పచ్చి తోలులో ప్రధానంగా ఉండే ప్రొటీన్ కొల్లాజెన్. దాని అమైనో ఆమ్లాలలో దాదాపు అయిదో వంతు ప్రోలిన్, హైడ్రాక్సీప్రోలిన్ అనేవే. ప్రోలిన్‌కు ఒక ప్రత్యేకత ఉంది: దాని పక్కగొలుసు వెనక్కి తిరిగి ప్రొటీన్ వెన్నెముకకే, అంటే అమైనో ఆమ్లాలు వరుసగా కూడిన గొలుసుకే, అతుక్కుని ఒక వలయంగా ఏర్పడుతుంది. అందువల్ల ప్రోలిన్ ఎక్కువగా ఉన్న ప్రొటీన్ మిగతా ప్రొటీన్లలాగా ఉండచుట్టుకోలేక బార్లా పరుచుకుని ఉంటుంది. టానిన్ కూడా వలయాల గొలుసే. ద్రాక్షలో కాటెచిన్, ఎపికాటెచిన్ వంటి చిన్న అణువులు ఒకదానికొకటి తగులుకుని ఈ గొలుసులు ఏర్పడతాయి. గింజలలోని గొలుసులు పొట్టివి, తొక్కలలోనివి సగటున ఇరవై ముప్పై కణుపుల దాకా పొడవైనవి. టానిన్ వలయం ప్రోలిన్ వలయం మీద పళ్ళెం మీద పళ్ళెం పేర్చినట్టు ఆనుకుంటుంది. టానిన్‌లోని హైడ్రాక్సిల్ గుంపు ప్రొటీన్ వెన్నెముకలోని ఆక్సిజన్‌తో హైడ్రోజన్ బంధం కట్టి ఆ పట్టును బిగిస్తుంది. టానిన్ గొలుసుకు ఇటువంటి పట్టులు అనేకం ఉంటాయి కనుక ఒక కొసతో ఒక ప్రొటీన్ పోగును, మరో కొసతో ఇంకో పోగును పట్టుకుని రెంటినీ కుట్టేస్తుంది. పోగులు దగ్గరకు జరిగే కొద్దీ మధ్యలో ఉన్న నీరు బయటికి పోతుంది. నీరు పోయి, పోగులు కుట్టుబడిన తోలును బ్యాక్టీరియా ఎంజైములు సులభంగా కత్తిరించలేవు. తోలు కుళ్ళకపోవడానికి కారణం అది.

ఇప్పుడు నోటికి రండి. లాలాజలంలో 99 శాతం నీరే అయినా, మిగిలిన ఆ ఒక్క శాతంలోని ప్రొటీన్లే దానికి జారుడుతనాన్ని ఇస్తాయి. చెవుల కింద ఉండే పెరోటిడ్ గ్రంథుల నుంచి వచ్చే ప్రొటీన్లలో అధికభాగం ప్రోలిన్ దండిగా ఉన్నవే. లందలో కొల్లాజెన్‌ను పట్టుకున్న టానిన్, గుక్క వైన్‌తో పాటు నోట్లోకి వచ్చి వీటిని పట్టుకుంటుంది. కుట్టుబడిన ప్రొటీన్లు కంటికి కనిపించనంత సన్నని నలుసులుగా విడిపోతాయి. అంతవరకు నాలుకకూ అంగిలికీ మధ్య నూనెలా పనిచేస్తున్న పొర చెదిరిపోయి, ఆ రెండూ ఒకదాని మీద ఒకటి గీసుకుంటాయి. మనకు తెలిసే వగరులో ప్రధానభాగం ఈ రాపిడే. రుచిమొగ్గలు లేని చోట, అంటే పై పెదవికీ చిగురుకూ మధ్యన, టానిన్ రాసినా వగరు తెలుస్తుంది. నోటి స్పర్శను మోసే నరాన్ని మొద్దుబార్చితే అది మాయమవుతుంది. ఉగాది పచ్చడిలో షడ్రుచులను లెక్కపెట్టి వగరును రుచులలో చేర్చిన మన పెద్దలను దీనికి తప్పుపట్టనక్కర లేదు, వారు నాలుకకు తెలిసినదంతా రుచే అన్నారు. నేను తప్పుపట్టేది, నాలుక కొసన తీపి, వెనక చేదు అంటూ 1901 నాటి ఒక జర్మన్ పరిశోధనను అపార్థం చేసుకుని గీసిన పటాన్ని నేటికీ పిల్లల చేత వేయిస్తున్న ఉపాధ్యాయులను.

లంద పోలిక ఇంకా చాలా దూరం వస్తుంది. అనుభవం ఉన్న పనివారు పచ్చి తోలును మొదట పాత, పలుచటి కషాయంలో వేసి, తరువాతే కొత్త, చిక్కటి కషాయంలోకి మారుస్తారు. మొదటే చిక్కటిదాంట్లో వేస్తే పైపొర బిగుసుకుపోయి లోపలికి కషాయం ఎక్కదు. వైన్ రుచి చూపించే కుటుంబాలు కూడా తేలిక వైన్లతో మొదలుపెట్టి టానిన్ ఎక్కువున్న సపేరావి వంటి ఎర్రవాటిని చివరకు ఉంచుతాయి. కారణం మాత్రం వేరు: అర నిమిషం తేడాతో గుక్క మీద గుక్క తాగితే పోయిన ప్రొటీన్ల స్థానంలో కొత్తవి ఊరేలోపే మరో విడత టానిన్ వచ్చిపడుతుంది కనుక వగరు పోగుపడుతూ పోతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు మన నోట్లో ఊరేది నిమిషానికి అర మిల్లీలీటరుకు లోపే. కషాయంలో పులుపు పెరిగితే తోలుకు టానిన్ గట్టిగా పడుతుంది. పులుపు ఎక్కువున్న వైన్ కూడా, టానిన్ అంతే ఉన్నా, మరింత వగరుగా తోస్తుంది, ర్కాత్సితేలి పులుపున్న ద్రాక్షే. ఆల్కహాలు పెరిగితే ఈ పట్టు కొంత సడలి వగరు తగ్గి, చేదు పైకి వస్తుంది. పోలిక తెగిపోయేది ఒక్క చోట: తోలు ఒకసారి మారితే ఇక అలాగే ఉండిపోతుంది, లాలాజలం మాత్రం కొత్తది ఊరుతూనే ఉంటుంది కనుక నోరు కొద్ది నిమిషాలలో తేరుకుంటుంది.

వైన్ కొనకుండానే దీన్ని వంటింట్లో చూడవచ్చు. పాలు పోయని టీ డికాక్షన్‌ను చిక్కగా కాచి, చల్లార్చి, వడగట్టి గాజు గ్లాసులో పోయండి. కోడిగుడ్డు తెల్లసొనలో నాలుగింతలు నీళ్ళు, చిటికెడు ఉప్పు వేసి గిలక్కొట్టి, పలుచటి బట్టలో వడకట్టి, అందులోంచి ఒక చెంచాడు డికాక్షన్‌లో కలపండి. నిర్మలంగా ఉన్న డికాక్షన్ అప్పటికప్పుడే మబ్బు పట్టినట్టవుతుంది; కాసేపు కదపకుండా ఉంచితే గోధుమరంగు తునకలు అడుగుకు దిగుతాయి. పచ్చి గుడ్డు కలిసింది కనుక తాగవద్దు. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో 225 లీటర్ల పీపాకు కొన్ని గుడ్ల తెల్లసొన కలిపి ఎర్ర వైన్ వగరును తగ్గించే ఆచారం ఇదే సూత్రం మీద నడుస్తుంది. పాలలోని కేసిన్ కూడా ప్రోలిన్ దండిగా ఉన్న ప్రొటీనే కాబట్టి పాలు పోసిన టీ వగరుగా ఉండదు. జార్జియా ఇళ్ళలో వైన్‌తో పాటు పెట్టే చీజ్, కాల్చిన మాంసం టానిన్‌కు ఎర అవుతాయి: అది లాలాజలాన్ని వదిలి వాటి ప్రొటీన్లను పట్టుకుంటుంది. అదే పళ్ళెంలో ఉండే అక్రోటు పప్పు ఆ సాయం సరిగా చేయలేదు, దాని పైపొరలో టానిన్లు దానికే ఉన్నాయి.

ఎర్రటిది ఏది తాగినా రక్తం పడుతుందనే నమ్మకం మన ఇళ్ళలో ఇంకా గట్టిగా ఉంది, ఆ పేరున వైన్‌ను మందుగా చెప్పేవారినీ చూశాను. టానిన్ ఆకుకూరలలోని, పప్పులలోని ఇనుమును కూడా పట్టుకుని పేగులలోకి ఇంకకుండా అడ్డుపడుతుంది కనుక ఈ విషయంలో నిజం నమ్మకానికి సరిగ్గా ఎదురుగా ఉంది. ఆల్కహాలు ఎంత తక్కువైనా సురక్షితమని చెప్పగల పరిమితి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది కూడా.

రెండవ ప్రశ్నకు వస్తే, లాలాజలం ఊరే వేగం, అందులోని ప్రొటీన్ల పాళ్ళు మనిషికీ మనిషికీ మారతాయి. తక్కువ ఊరేవారికి వగరు ఎక్కువగానూ, ఎక్కువసేపూ తెలుస్తుందని పరీక్షలలో తేలింది. తిండి కూడా దీన్ని మార్చగలదు: టానిన్ ఎక్కువున్న జొన్నలు పెట్టిన ఎలుకలకు కొద్ది రోజులలోనే పెరోటిడ్ గ్రంథులు పెద్దవై, ప్రోలిన్ ప్రొటీన్లు పలు రెట్లు పెరిగాయి. ఆకులూ చిగుళ్ళూ మేసే జింకల లాలాజలంలో ఈ ప్రొటీన్లు ఉంటాయి, ప్రధానంగా గడ్డి మేసే ఆవులలో వాటి జాడ అంతగా కనిపించదు. కనుక ఆ ఇల్లాలి నోట్లో లాలాజలం భర్తకంటే ధారాళంగా ఊరుతూ ఉండవచ్చు. ఇద్దరిలో ఎవరు ముందుగా చీజ్ ముక్క నోట్లో వేసుకున్నారో ఆ పాఠకులు రాయలేదు కాబట్టి ఆ కారణాన్ని కూడా కొట్టివేయడానికి వీల్లేదు.