వెడల్పాటి బోటును రాష్ట్రం దాటించేటప్పుడు: అపోహలు, వాస్తవాలు

అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ పక్కన, బోట్లను ట్రైలరు (ట్రక్కు వెనక తగిలించే చక్రాల బండి) మీద పెట్టి రోడ్డు దారిన తరలించే పనిలో ఉన్నాను. మొదట్లో ట్రక్కు తోలేవాణ్ణి, ఇప్పుడు ఎక్కువగా హద్దు దాటిన బోట్లకు రోడ్డు పర్మిట్లు తీస్తుంటాను. బోటు కొన్న మనవాళ్ళు నాకు ఫోన్ చేసి అనే మాటలు ఇంచుమించు ఈ కింద రాసినవే. వింటుంటే నాకే టెన్షన్ వస్తుంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

అపోహ: "అర అడుగే కదన్నా ఎక్కువ, ఎవరు కొలుస్తారు?"

అమెరికాలో ప్రత్యేక అనుమతి లేకుండా రోడ్డెక్కడానికి వెడల్పు హద్దు మామూలుగా 8 అడుగుల 6 అంగుళాలు, అంటే 102 అంగుళాలు. హవాయిలో 9 అడుగులు. కొన్ని రాష్ట్రాల్లో పెద్ద హైవే దిగి చిన్న రోడ్డు పట్టుకుంటే 8 అడుగులే. ట్రైలరు ఈ హద్దులో ఉందని, పైనున్న బోటు అటూ ఇటూ బయటికొచ్చినా పరవాలేదని చాలామంది అనుకుంటారు. అది తప్పు. ట్రైలరుదైనా బోటుదైనా, అన్నిటికంటే బయటికున్న చోటే లెక్క.

కేటలాగులో రాసిన వెడల్పును కూడా నేను నమ్మను. బోటు అంచు చుట్టూ తిరిగే రబ్బరు పట్టీని లెక్కలో కలిపారో లేదో మనకు తెలియదు. పక్కకు పొడుచుకొచ్చిన హోల్డర్లూ బ్రాకెట్లూ వేరే. నేను కొలిచే పద్ధతి చెబుతాను. మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే తూకం గుండు ఉంటుంది కదా, బోటుకు రెండు పక్కలా బాగా బయటికున్న చోట్ల నుంచి దాన్ని వేలాడదీస్తాను. గుండు ఆగిన చోట నేల మీద సుద్దముక్కతో గీత పెడతాను. ఆ రెండు గీతల మధ్య టేపు పడితే అసలు వెడల్పు తెలుస్తుంది. కాగితం మీద 8 అడుగుల 6 అంగుళాలున్న బోటు ఒకటి ఇలా కొలిస్తే 8 అడుగుల 9 అంగుళాలు వచ్చింది. పర్మిట్ లేకుండా కదిలే వీలు లేదు.

ఇది జరిమానా గురించిన భయం మాత్రమే కాదు. ఇంటర్‌స్టేట్ (రాష్ట్రాలను కలిపే పెద్ద హైవే) లేను వెడల్పు 12 అడుగులు. 10 అడుగుల బోటు సరిగ్గా మధ్యలో వెళితే ఒక్కో పక్క మిగిలేది ఒక్క అడుగు. రోడ్డు పని జరిగే చోట లేన్లు ఇంకా ఇరుకవుతాయి, పక్కనే కాంక్రీటు గోడలు. ఆ సందులో పక్క లేనులో పద్దెనిమిది చక్రాల ట్రక్కు ఒకటి వచ్చి కలిసినప్పుడు అర అడుగు విలువేమిటో తెలుస్తుంది.

అపోహ: "టెక్సస్‌లో పర్మిట్ తీసుకున్నాం, దారంతా చెల్లుతుంది."

చెల్లదు. వెడల్పాటి సరుకుకు దేశమంతటికీ పనికొచ్చే పర్మిట్ లేదు. హ్యూస్టన్ నుంచి ఐ-10 హైవే మీద ఫ్లోరిడాలోని పెన్సకోలా వెళ్ళాలంటే టెక్సస్, లూసియానా, మిసిసిపి, అలబామా, ఫ్లోరిడా ఐదింటిలోనూ అనుమతి సంగతి విడివిడిగా చూసుకోవాలి. అలబామాలో ఐ-10 మీద మనం నడిపేది 70 మైళ్ళు కూడా ఉండదు, అయినా అక్కడి పర్మిట్ అక్కడిదే.

నాకు తెలిసిన ఒక తమ్ముడు ఇలాగే సగం కాగితాలతో బయలుదేరాడు. అమ్మినాయన "అందరూ ఇలాగే తీసుకెళ్తారు" అన్నాడట. రెండో రాష్ట్రంలో ఆపేశారు. శనివారం సాయంత్రం, పిల్లలిద్దరూ వెనక సీట్లో. పర్మిట్ వచ్చేదాకా బోటు అంగుళం కూడా కదలకూడదన్నారు. ఆ రాత్రి ఫోన్‌లో తమ్ముడి గొంతు నాకింకా గుర్తుంది, "అన్నా, ఇప్పుడేం చెయ్యను?" అని.

పర్మిట్ చేతిలో ఉన్నా అందులో రాసిన దారి తప్పకూడదు. ఫోన్‌లో మ్యాపు "ఇటు వెళ్తే పది నిమిషాలు కలిసొస్తుంది" అంటే వినొద్దు. ఎత్తు కూడా చూసుకోవాలి. తూర్పు రాష్ట్రాల్లో ఎక్కువ చోట్ల హద్దు 13 అడుగుల 6 అంగుళాలు, పడమటి వైపు చాలా చోట్ల 14 అడుగులు. రాడార్ కట్టిన ఫ్రేము ఉంటే విప్పి బోటులోనే పడుకోబెట్టి కట్టేస్తాం.

అపోహ: "సొంత పికప్, సొంత బోటు. ఈ రూల్స్ లారీలకే."

వెడల్పు హద్దుకు మామూలుగా సొంతం, కిరాయి అనే తేడా లేదు. బ్రేకులకూ అంతే. టెక్సస్‌లో ట్రైలరు మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటితే దానికి సొంత బ్రేకులుండాలి. చాలా రాష్ట్రాల్లో 3,000 దగ్గరే ఈ నిబంధన మొదలవుతుంది. ఇన్సూరెన్సు పాలసీ కూడా బయలుదేరకముందే చదవండి.

అపోహ: "వెనక ఎర్ర గుడ్డ కడితే సరిపోతుంది."

మన దగ్గర ఇనుప చువ్వల లారీకి కట్టినట్టు ఇక్కడా ఎర్ర జెండాలు కట్టాలి. అవి సాధారణంగా 18 అంగుళాల చదరం. వాటితోపాటు 'ఓవర్‌సైజ్ లోడ్' (హద్దు దాటిన సరుకు) అని రాసిన పసుపు బ్యానరు కూడా అడుగుతారు. ఇవన్నీ పర్మిట్‌తోపాటు ఉండాల్సినవి, పర్మిట్‌కు బదులు కాదు.

అపోహ: "రాత్రి ట్రాఫిక్ ఉండదు, అప్పుడు వెళ్తే హాయి."

వెడల్పాటి సరుకును చాలా రాష్ట్రాలు పగలే కదలనిస్తాయి. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా అన్నది మామూలు లెక్క. పెద్ద నగరాల్లో ఆఫీసు వేళల్లో ఆపేస్తారు, పండగ రోజుల్లోనూ ఆంక్షలుంటాయి. బలమైన గాలి, మంచు, దట్టమైన పొగమంచు ఉంటే పర్మిట్ ఉన్నా కదలకూడదు. కాబట్టి రోజుకు ఎన్ని మైళ్ళు అన్నది పగటి వెలుగును చూసి లెక్కేసుకోండి. పెట్రోలుకు ఆగిన ప్రతిసారీ ట్రైలరు చక్రం మధ్యనున్న హబ్ దగ్గరికి అరచేతి వెనక వైపు తీసుకెళ్ళి చూడండి. ఒక చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే బేరింగు చెడుతున్నట్టే. నీళ్ళలో దిగే ట్రైలరుకు ఇది తరచూ వచ్చే జబ్బు.

అపోహ: "కాగితాలు సరిగ్గా ఉంటే ఎవరూ ఆపరు."

సరిహద్దు దగ్గర బోట్లను ఆపి అడుగు భాగం చూసే తనిఖీ కేంద్రాలు, ముఖ్యంగా పడమటి రాష్ట్రాల్లో, చాలా ఉన్నాయి. వాళ్ళు వెతికేది జీబ్రా మస్సెల్, క్వాగ్గా మస్సెల్ అనే చిన్న ఆల్చిప్పల కోసం. టెక్సస్‌లో 2009లో టెక్సోమా సరస్సులో జీబ్రా మస్సెల్ బయటపడింది, ఆ తర్వాత ఒక్కో సరస్సుకూ పాకింది. దాని పిల్లలు కంటికి కనిపించవు. బోటు అడుగున నిలిచిన చెంబెడు నీళ్ళలో ప్రయాణం చేయగలవు. ఒక్కసారి సరస్సులో దిగితే నీళ్ళ పైపులనూ గేట్లనూ గుత్తులు గుత్తులుగా పట్టేస్తాయి, వదిలించడం దాదాపు అసాధ్యం. మన పిల్లలు ఈత కొట్టే సరస్సులే ఇవి.

అందుకే బోటు గట్టెక్కగానే అడుగునున్న డ్రెయిన్ ప్లగ్ తీసి, ముక్కు పైకి ఉండేలా నిలిపి నీళ్ళన్నీ కార్చేస్తాను. చేపల తొట్టిలో, ఇంజనులో నిలిచిన నీళ్ళు కూడా తీసేసి గుడ్డతో తుడుస్తాను. తీసిన ప్లగ్‌ను తాడుతో బోటు స్టీరింగుకు కట్టేస్తాను, మళ్ళీ నీళ్ళలోకి దించేటప్పుడు దాన్ని బిగించడం మరిచిపోకుండా.