పగడానికి సున్నపు తేట

బరంపురం పాఠకుడొకరు అడిగారు: ఇంట్లో 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంకులో పగడాలు పెంచుతున్నాను, సీసాల్లో వచ్చే కాల్షియం, క్షారతను నిలిపే బఫర్ మందుల ధర మోయలేకున్నాను, చవకగా దొరికే ఖనిజాలేవైనా వాడొచ్చా అని. హుమ్మ ఉప్పుమళ్లు దగ్గర్లోనే ఉన్నాయి కదా, కల్లుప్పు వేస్తే చాలదా అని కూడా రాశారు.

చాలదు. ఉప్పుమడిలో నీరు ఎండేకొద్దీ మొదట కాల్షియం కార్బొనేట్, తర్వాత జిప్సం అడుగుకు దిగిపోతాయి. ఉప్పు పేరుకునేది ఆ తర్వాతే. మెగ్నీషియమేమో చివరిదాకా కరిగే ఉండి, ఉప్పు తీశాక మిగిలే చేదునీటితో పోతుంది. పగడానికి కావలసినవి చాలావరకు మడి అడుగునో చేదునీటిలోనో ఉండిపోతే, మన చేతికొచ్చేది కల్లుప్పు.

సముద్రపు నీటిలో లీటరుకు కాల్షియం 410 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 1,300 దాకా ఉంటాయి. క్షారత, అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, సుమారు 7 కేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం). పగడం అస్థిపంజరం కట్టుకుంటూ రోజూ కాల్షియాన్ని, క్షారతను లాగేస్తుంది. ఆ రెండూ జోడెద్దుల్లాంటివి, ఒకదాన్ని మేపి రెండోదాన్ని పస్తు పెడితే బండి కదలదు. లీటరు నీటిలో 20 మిల్లీగ్రాముల కాల్షియం ఖర్చయితే దాంతోపాటు 2.8 కేహెచ్ తగ్గుతుంది. ఈ లెక్క మారదు.

ఆ లెక్కకు సరిగ్గా సరిపోయే పదార్థం సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్. బడిలో సున్నపు తేటలోకి గొట్టంతో ఊదడం అందరికీ గుర్తుండే ఉంటుంది. తేట పాలలా తెల్లబడుతుంది, మాస్టారు "బొగ్గుపులుసు వాయువు ఉంది" అంటారు, గంట కొడతారు. అసలు సంగతి అక్కడి నుంచే మొదలు! పలచన చేసిన తేటలోకి ఆ వాయువును, అంటే కార్బన్ డయాక్సైడ్‌ను, ఆపకుండా పంపుతూ ఉంటే ఆ తెలుపు మెల్లగా విరిగి, గ్లాసు అవతలి అక్షరాలు మళ్లీ కనిపిస్తాయి. తెల్లటి కార్బొనేట్ మరింత కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి, కరిగే బైకార్బనేట్‌గా మారిందన్నమాట. ఈ రెండో సగం చూపించకుండా పాఠం ముగించడం నాకెప్పుడూ బాధే, ఎందుకంటే పగడం చేసేది సరిగ్గా దీనికి తలకిందుల పని. కరిగి ఉన్న కాల్షియాన్ని, బైకార్బనేట్‌ను తీసుకుని, కార్బొనేట్‌ను రాయిగా పేర్చి, కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేస్తుంది.

ట్యాంకులో ఊదేది చేపల ఊపిరి, గదిలోని గాలి. తేటలోని ఒక్కో కాల్షియానికి రెండు హైడ్రాక్సైడ్లు ఉంటాయి, అవి రెండు బైకార్బనేట్లవుతాయి. పగడానికి కావలసిన పాళ్లు అవే. ఇంకే లవణమూ మిగలదు.

ఇంకో గొప్ప గుణం ఉంది. తేట పీహెచ్ 12.4 దాకా ఉంటుంది. అంత క్షారంలో మెగ్నీషియం, ఇనుము, రాగి లాంటి మలినాలు చాలావరకు కరగలేక అడుగున మడ్డిలో ఉండిపోతాయి. రాత్రంతా కదపకుండా ఉంచి పైతేట మాత్రమే వంచుకుంటే సున్నం తన్ను తానే శుద్ధి చేసుకున్నట్టు. అలాగని ఏ సున్నం పడితే అది పనికిరాదు. గోడల సున్నంలో నీలిమందు, జిగురు కలిసి ఉండొచ్చు. వాసనలు కలిపిన కిళ్లీ సున్నమూ వద్దు. ఆహారానికి వాడదగ్గ శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్ పొడి కొనండి, గాలి తగలకుండా దాచండి. గాలి తగిలిన సున్నం సుద్దగా మారిపోతుంది. బతికి ఉందో లేదో చూడాలంటే చెంచాడు తేట పక్కకు తీసి చిటికెడు పసుపు వేయండి, చిక్కటి ఎరుపు రావాలి. దిష్టి తీసే ఎర్రనీళ్ల రంగు ఇదే. అది చెడు చూపుది కాదు, క్షారానిది. పిల్లలకు అప్పుడే చెప్పేస్తే ఆ భయం పోతుంది.

20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో కరిగే సున్నం 1.7 గ్రాములే. నీరు వేడెక్కేకొద్దీ ఇంకా తగ్గుతుంది, కాబట్టి మే నెలలో డబ్బా ఎండలో పెట్టకండి. లీటరు తేట మీ ట్యాంకుకు సుమారు 4 మిల్లీగ్రాముల కాల్షియం, 0.6 కేహెచ్ కలుపుతుంది. ఆవిరైన నీటికి బదులుగా, రాత్రిపూట, చుక్కచుక్కగా వదలండి. రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఉండదు, ఊపిరి వల్ల పీహెచ్ పడిపోతుంది, తేట దాన్ని పైకెత్తుతుంది. ఒక్కసారిగా పోస్తే మాత్రం చేపలు చస్తాయి. సున్నం కంట్లో పడి చూపు పోయిన పిల్లలు మన దేశంలో ఉన్నారు. డబ్బా వాళ్లకు అందనివ్వకండి, మీరూ కళ్లద్దాలు పెట్టుకునే కలపండి.

పగడాలు పెరిగి తేట చాలకపోతే తినేసోడా, కాల్షియం క్లోరైడ్ ఉన్నాయి. వంద లీటర్లకు 8.4 గ్రాముల సోడాకు జోడు 7.35 గ్రాముల డైహైడ్రేట్ రకం కాల్షియం క్లోరైడ్. రెంటినీ విడిగా కరిగించి, వేర్వేరు వేళల్లో పోయాలి. బేకింగ్ పౌడరు వద్దు, అందులో పిండి, తరచూ ఫాస్ఫేట్ ఉంటాయి. ఈ పద్ధతిలో 5.8 గ్రాముల ఉప్పు మిగిలిపోతుంది, అందుకని అప్పుడప్పుడు నీరు మార్చాలి. అలా మార్చే నీటితోనే మెగ్నీషియం కూడా చాలావరకు సర్దుకుంటుంది.

మన సముద్రాల్లోని రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని విరిచి తెచ్చి అమ్మేవారి దగ్గర ముక్క కూడా కొనకండి. సున్నం కన్నా ముందు కేహెచ్ పరీక్ష కిట్టు కొనండి, అది 7కీ 9కీ మధ్య నిలిచేలా చుక్కల వేగం సరిచేసుకోండి.