పఠన లక్ష్యాలు, ఫాంటసీ పుస్తకాలు: సగం ఏడాది గడిచాక ఎదురయ్యే అపోహలు, వాస్తవాలు

ఈ ఏడాది ఇన్ని పుస్తకాలు చదువుతామని జనవరిలో పాఠకులు రాసి ఇచ్చిన లక్ష్యాలను, జూన్ చివర వారే తెచ్చి చూపే లెక్కలను పక్కపక్కన పెట్టి చూడటం గ్రంథపాలకురాలిగా ఏటా నేను చేసే పని. మా పఠన బృందంలో ఎక్కువ మంది ఫాంటసీ, అంటే మంత్రశక్తులూ కల్పిత లోకాలూ ఉండే కథలు, చదివేవారే కాబట్టి, ఇక్కడ చెప్పేవన్నీ ఆ పుస్తకాల నడుమ నేను గమనించినవి. జూన్ సమావేశంలో నాకు అందరికంటే ముందు వినిపించే మాట ‘వెనకబడిపోయాను’. ఆ మాట అన్నవారి జాబితా తెరిచి చూస్తే, చాలాసార్లు వారు చదవడంలో వెనకబడి ఉండరు. వారు ఎంచుకున్న కొలత వారు చదివే పుస్తకాలకు సరిపడదు, అంతే.

అపోహ: ఎన్ని పుస్తకాలు పూర్తయ్యాయన్నదే ఎంత చదివామన్నదానికి కొలత.

వాస్తవం: పుస్తకాన్ని ఒక ప్రమాణంగా తీసుకోవడం అమ్మకానికీ, అరల్లో సర్దడానికీ పనికొస్తుంది, చదివినదాన్ని కొలవడానికి అది చాలదు. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకు ఇచ్చే హ్యూగో, నెబ్యులా పురస్కారాల నియమాల ప్రకారం కనీసం 40,000 పదాలు ఉన్న రచన నవల విభాగంలోకి వస్తుంది. ఆంగ్ల రచయిత టోల్కీన్ రాసిన ఫాంటసీ నవల ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ సుమారు 4,80,000 పదాల రచన. అంటే ఆ ఒక్కదాన్ని పూర్తి చేసిన పాఠకుడూ, ఆ నియమాల్లోని కనీస నిడివి ఉన్న పన్నెండు నవలలు పూర్తి చేసిన పాఠకుడూ చదివిన పదాలు సమానమే అయినా, లెక్కలో ఒకరి పేరు పక్కన 1, మరొకరి పేరు పక్కన 12 పడతాయి. ఆ ఒక్కటి కూడా నిజంగా ఒక్కటేనా అన్నది తేలని విషయమే. రచయిత దాన్ని ఒకే నవలగా భావించారు. యుద్ధానంతర కాలంలో కాగితం ఖరీదు ఎక్కువగా ఉండటం ముఖ్య కారణంగా అది 1954, 1955 సంవత్సరాల్లో మూడు సంపుటాలుగా వెలువడింది. కథ మాత్రం లోపల ఆరు భాగాలుగా విభజించి ఉంటుంది. చేతిలో ఉన్న ముద్రణను బట్టి ఒకే చదువు ఒకటిగానో, మూడుగానో నమోదవుతుందంటే, ఆ అంకె మీద ఎంత బరువు పెట్టవచ్చో ఆలోచించాలి.

సమయం లెక్కన చూస్తే విషయం ఇంకా తేటగా ఉంటుంది. పఠన వేగం మీద వచ్చిన 190 అధ్యయనాలను మనస్తత్వశాస్త్ర పరిశోధకుడు మార్క్ బ్రిస్‌బార్ట్ 2019లో సమీక్షించి, ఆంగ్లంలో కాల్పనిక సాహిత్యాన్ని మౌనంగా చదివే పెద్దవారి సగటు వేగం నిమిషానికి సుమారు 260 పదాలని తేల్చారు. ఆ వేగంతో పైన చెప్పిన నవలకు దాదాపు 31 గంటలు పడుతుంది. రోజుకు అరగంట చదివేవారికి అది రెండు నెలల పని. ఏడాదికి 24 పుస్తకాలని రాసుకున్నవారు అలాంటి నవల ఒకటి ఎత్తుకున్నారంటే ఆ రెండు నెలల్లో లెక్క ప్రకారం మూడు పుస్తకాలు వెనకబడతారు. వారు చదవడం ఒక్కరోజు కూడా మానలేదు.

ఈ అంకె చేసే అసలు నష్టం పుస్తకాల ఎంపికలో కనిపిస్తుంది. ఒక పాఠకురాలి నోట్‌బుక్ నాకు బాగా గుర్తుంది. ఫిబ్రవరి పేజీలో ఒక లావుపాటి నవల పేరు, దాని కింద పాత్రల పేర్లు, రాజ్యాల పేర్లు, నదుల దిశలు చూపుతూ పెన్సిలుతో ఆమె స్వయంగా గీసుకున్న చిన్న పటం ఉన్నాయి. మార్చి పేజీలో ‘312వ పేజీ దగ్గర ఆపాను’ అని ఒకే వాక్యం. అక్కడి నుంచి జూన్ దాకా వరుసగా తొమ్మిది సన్నటి పుస్తకాల పేర్లు ఉన్నాయి. ఒక్కదాని కింద కూడా ఒక్క గీత లేదు, ఒక్క మాట లేదు. ఆమె లక్ష్యానికి సరిగ్గా చేరువలో ఉంది. ఏ పుస్తకం గుర్తుందని అడిగితే, పూర్తి చేయని ఆ నవల పేరే చెప్పింది.

అందుకే ఫాంటసీ చదివేవారికి పుస్తకాల సంఖ్యకు బదులు పేజీలనో, గంటలనో లక్ష్యంగా పెట్టుకోమని చెబుతాను. చదివిన పుస్తకాలను నమోదు చేసుకునే స్టోరీగ్రాఫ్ వంటి యాప్‌లలో ఆ ఏర్పాటు ఉంది. కాగితం మీద రాసుకునేవారికి ఒక నిలువు గీత ఎక్కువ గీసుకుంటే సరిపోతుంది.

అపోహ: ఏడాది మధ్యలో వెనకబడితే లక్ష్యం తప్పినట్టే.

వాస్తవం: పాఠకులు తమ పుస్తకాల లెక్క రాసుకునే గుడ్‌రీడ్స్ వంటి వెబ్‌సైట్లలో ‘ఇన్ని పుస్తకాలు వెనకబడ్డారు’ అని కనిపించే మాట, లక్ష్యాన్ని ఏడాది మొత్తానికి సమానంగా పంచి చూసిన కూడికలు తీసివేతల ఫలితం. మనుషులు అలా సమానంగా చదవరు. పరీక్షలు, ఇంట్లో అనారోగ్యం, పసిపిల్లల పెంపకం, ఉద్యోగంలో ఒత్తిడి ఉన్న నెలల్లో చదువు సన్నగిల్లి, తీరిక దొరికిన వారాల్లో ఒక్కసారిగా పుంజుకుంటుంది. లక్ష్యాన్ని ఏడాది మధ్యలో సవరించుకునే వీలు కూడా ఆయా చోట్ల ఉంది, దాన్ని వాడుకోవడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. జూన్‌లో లెక్క చూసుకునేటప్పుడు, ఎన్ని మిగిలాయన్న ప్రశ్న కంటే ఏ పుస్తకం చదువుతున్నప్పుడు రోజూ దాని దగ్గరికి వెళ్లాలనిపించింది, ఏది చదువుతున్నప్పుడు పుస్తకం జోలికే పోలేదు అన్న రెండు ప్రశ్నలు మిగిలిన ఆరు నెలలకు ఎక్కువ ఉపయోగపడతాయి.

అపోహ: మొదలుపెట్టిన పుస్తకాన్ని పూర్తి చేయాల్సిందే.

వాస్తవం: డానియెల్ పెనాక్ అనే ఫ్రెంచి రచయిత, స్వయంగా ఉపాధ్యాయుడు, 1992లో పాఠకుడి హక్కులు పదింటిని ప్రకటించారు. పుస్తకాన్ని పూర్తి చేయకుండా వదిలేసే హక్కు వాటిలో ఒకటి. దానితో నేను ఏకీభవిస్తాను, అయితే ఫాంటసీ విషయంలో తొందరపడవద్దనే చెబుతాను. ఇందులో రచయిత కథతో పాటు ఒక లోకపు భూగోళాన్ని, చరిత్రను, మంత్రశక్తికి ఉన్న హద్దులను కూడా చెప్పుకురావాలి కాబట్టి, మొదటి వంద పేజీలు చాలా పుస్తకాల్లో నెమ్మదిగా సాగుతాయి. ఆ పేజీల్లో కలిగే తికమకకూ విసుగుకూ తేడా ఉంది. పేర్లు కలగలిసిపోతున్నా తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రం ఉంటే అది తికమక. చివర ఉన్న పేర్ల పట్టికనో, మొదట ఉన్న పటాన్నో ఒకసారి చూస్తే తీరిపోతుంది. అన్నీ అర్థమవుతున్నా ఎవరికి ఏమైనా పట్టనట్టు ఉంటే, ఆ పుస్తకాన్ని వదిలేయవచ్చు. వదిలేసిన పుస్తకాలను కూడా, ఏ పేజీ దగ్గర ఎందుకు ఆపారో ఒక మాటతో జాబితాలో రాసి ఉంచాలి. పాఠకుల అభిరుచిని గురించి ఆ పట్టీ నుంచి నేను తెలుసుకున్నంత, పూర్తయిన పుస్తకాల పట్టీ నుంచి తెలుసుకోలేదు.

అపోహ: విన్నదీ, రెండోసారి చదివిందీ లెక్కలోకి రావు.

వాస్తవం: రెండూ వస్తాయి. ఒకే రచనను కొందరికి వినిపించి, మరికొందరితో తెర మీద చదివించి చూసిన 2016 నాటి ఒక అధ్యయనంలో ఈ రెండు వర్గాల అవగాహనలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఫాంటసీ ఆడియోబుక్‌తో వచ్చే ఇబ్బంది వేరు: వినికిడిలో దగ్గరగా ఉండే కల్పిత నామాలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి, పటం కంటి ముందు ఉండదు. వినే ముందు పేర్లు ఒక కాగితం మీద రాసుకుంటే ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. ఇక రెండోసారి చదవడం, నా దృష్టిలో, ఈ ప్రక్రియకు సహజమైన చదువు. మొదటిసారి అలంకారమని దాటేసిన ఒక జోస్యం, పొయ్యి దగ్గర ఎవరో పాడిన పాత పాట, రెండోసారి చదివేటప్పుడు కథకు మూలస్తంభాలుగా కనిపిస్తాయి.

అపోహ: సిరీస్ మొదలుపెడితే ఈ ఏడాదే ముగించాలి.

వాస్తవం: అమెరికన్ రచయిత్రి ఉర్సులా లెగ్విన్ రాసిన ఎర్త్‌సీ అనే ఫాంటసీ నవలల వరుసలో మొదటి నవల 1968లో వచ్చింది. మూడోది 1972లో వచ్చాక, నాలుగోది 1990లో గానీ రాలేదు. ఆ పద్దెనిమిదేళ్ల తర్వాత ఆమె అదే లోకాన్ని, శక్తిమంతులైన మాంత్రికుల వైపు నుంచి కాక, పొలం పనీ ఇంటి పనీ చేసుకుంటూ ఒక గాయపడిన పాపను పెంచుతున్న నడివయసు స్త్రీ వైపు నుంచి చూశారు. నాలుగింటినీ ఒకే నెలలో చదివినవారికీ, మూడో దాని తర్వాత కొన్నేళ్లు ఆగి నాలుగోది తెరిచినవారికీ ఆ మలుపు ఒకేలా తగలదని మా బృందంలో పలుమార్లు చూశాను.

అపోహ: ఫాంటసీ పిల్లల కాలక్షేపం, వాస్తవం నుంచి పారిపోవడం, దాన్ని పఠన లక్ష్యంలో చేర్చుకోవడం నిజమైన చదువు కాదు.

వాస్తవం: ఈ మాట నన్ను బాధిస్తుంది, ఎందుకంటే దీనివల్ల తమకు ఇష్టమైన పుస్తకాల పేర్లు చెప్పడానికే వెనకాడే పెద్దవారిని ఏటా చూస్తున్నాను. 1939లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగంలో టోల్కీన్ ఈ రెండు ఆక్షేపణలకూ సమాధానం చెప్పారు. ఈ కథలకూ పిల్లలకూ ప్రత్యేకమైన సంబంధమేదీ లేదనీ, వాటిని పిల్లల గదికి పంపింది పెద్దల అభిరుచిలో వచ్చిన మార్పేననీ ఆయన వాదించారు. చెరలో ఉన్న ఖైదీ తప్పించుకోవాలనుకోవడమూ, యుద్ధరంగం నుంచి సైనికుడు పారిపోవడమూ ఒకటి కావనీ, విమర్శకులు ఈ రెంటినీ కలిపేస్తున్నారనీ అన్నారు. మంచి ఫాంటసీలో అధికారం మనిషిని ఏం చేస్తుందన్న ప్రశ్న, చావును ఎలా ఒప్పుకోవాలన్న ప్రశ్న ఎంత నేరుగా ఎదురవుతాయో చదివినవారికి తెలుసు.

అపోహ: చదవడం పూర్తయిన రోజున అయిదు నక్షత్రాలు ఇచ్చినవే మన అభిమాన పుస్తకాలు.

వాస్తవం: ఆ రాత్రి ఇచ్చే నక్షత్రాలు ముగింపు ఎలా ఉందో చెబుతాయి, మిగతా నాలుగు వందల పేజీలు ఎలా ఉన్నాయో అంతగా చెప్పవు. మా బృందంలో అభిమాన పుస్తకాల గడిని మూడు నెలలు ఖాళీగా ఉంచి, ఆ తర్వాత పుస్తకం తెరవకుండా ఒక దృశ్యం రాయమంటాం. రాయగలిగితే ఆ పుస్తకం పట్టీలోకి ఎక్కుతుంది. 312వ పేజీ దగ్గర ఆపిన ఆ పాఠకురాలు జూలైలో తన లక్ష్యాన్ని 24 నుంచి 15కు తగ్గించుకుని, ఆ నవలను అదే పేజీ నుంచి మళ్లీ అందుకుని సెప్టెంబరులో ముగించింది. డిసెంబరు సమావేశానికి ఆమె తెచ్చిన కాగితం మీద ఆ కథలోని నది దాటే రాత్రి గురించి ఒకటిన్నర పేజీ రాసి ఉంది. పడవవాడి పేరు కూడా తప్పు లేకుండా రాసింది.