అన్నానికి లోటు లేని ఇంట్లో నరాలకు లోటు: అపోహలు - వాస్తవాలు

కోనసీమలో పిల్లల వైద్యం చేస్తున్నాను. బిడ్డను చూసి "పోషకాహార లోపం" అనగానే ఇంట్లో పెద్దవాళ్ళ మొహం చిన్నబోతుంది. తిండి పెట్టడం లేదని నేను నింద వేసినట్టు అనిపిస్తుంది వాళ్ళకు. నేను చెప్పేది అది కాదు. బిడ్డ పొట్ట నిండినా మెదడుకు, నరాలకు కావలసినవి అందకపోవచ్చు.

అపోహ: "వరి పండే నేలండీ మాది. మాకు లోపమేంటి?"

వాస్తవం: మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో బెరిబెరి ఎక్కువగా కనిపించింది మన ఉత్తర సర్కారు (కోస్తా) జిల్లాల్లోనే. నరాలను, గుండెను దెబ్బతీసే జబ్బు అది. నరం గ్లూకోజ్‌ను శక్తిగా మార్చుకోవాలంటే థయమిన్, అంటే బి1 విటమిన్ కావాలి. అది బియ్యం పైపొరలో ఉంటుంది. మిల్లులో పాలిష్ పడితే తవుడుతో పోతుంది. మిగిలిన కాస్తా నాలుగుసార్లు కడిగిన నీళ్ళలో, వార్చిన గంజిలో పోతుంది.

అపోహ: "బాలింత పథ్యం చేస్తేనే బిడ్డకు మంచిది."

వాస్తవం: నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ పథ్యమే. తెల్లన్నం, కారప్పొడి, కాస్త నెయ్యి పెట్టి, పప్పు, చేప, గుడ్డు, కూరగాయలు నెలల తరబడి మాన్పిస్తారు. ప్రేమతోనే చేస్తారు, అది నాకు తెలుసు. కానీ తల్లి పాలలో థయమిన్, బి12 విటమిన్ ఎంత ఉంటాయన్నది ఆమె తినేదాన్ని బట్టే ఉంటుంది.

థయమిన్ అందకపోతే రెండు నుంచి నాలుగు నెలల బిడ్డ పాలు సరిగా తాగడు, కక్కుకుంటాడు, ఆయాసపడతాడు. ఏడుపు బొంగురుపోతుంది. ఆ తరువాత నోరు తెరిచి ఏడుస్తున్నట్టు కనిపిస్తాడు గాని శబ్దం రాదు. గొంతు నరం దెబ్బతిందనడానికి అది గుర్తు. దాన్ని జలుబు అనుకుని తెల్లారేదాకా ఆగకండి. సమయానికి థయమిన్ ఇంజెక్షన్ ఇస్తే గంటల్లో తేరుకోవచ్చు. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు. 2003లో ఇజ్రాయెల్‌లో థయమిన్ లేని సోయా పాలపొడి తాగిన పసివాళ్ళలో కొందరికి, ఏళ్ళు గడిచాక కూడా మాటల్లో ఇబ్బందులు కనిపించాయి.

బాలింతకు పప్పు, గుడ్డు, మెత్తళ్ళు, తోటకూర అన్నీ పెట్టండి. అన్నం వార్చకుండా అత్తెసరు పెట్టండి. ఉప్పుడు బియ్యమైతే ఇంకా మేలు. ఉడకబెట్టేటప్పుడు థయమిన్ కొంత గింజ లోపలికి చేరుతుంది.

అపోహ: "బొద్దుగా ఉన్నాడు, వీడికేం లోపం?"

వాస్తవం: బి12 లోపం ఉన్న బిడ్డ చాలాసార్లు బొద్దుగానే ఉంటాడు. నరం చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది, కరెంటు తీగ మీది తొడుగులాగా. మొదటి రెండేళ్ళలో అది వేగంగా ఏర్పడుతుంది. దానికి బి12, ఐరన్ కావాలి. బి12 లేకపోతే నవ్వే బిడ్డ నవ్వడం మానేస్తాడు, నిలిపిన మెడ వాల్చేస్తాడు. వేళ్ళ కణుపులు నల్లబడతాయి, జుట్టు పలచబడి రంగు తగ్గుతుంది. కొందరికి చేతులు వణుకుతాయి. ఎక్కువగా ఇది పాలు, గుడ్డు, చేప సరిగా అందని తల్లుల పిల్లల్లో చూస్తాం. ఆకుకూరల్లో బి12 ఉండదు.

ఇక ఐరన్. పుట్టుకతో తెచ్చుకున్న నిల్వ ఆరు నెలలకు తరిగిపోతుంది. పాలలో ఐరన్ చాలా తక్కువ. "గేదె పాలు పట్టిస్తున్నామండీ, బలమే కదా" అని ఏడాది బిడ్డను పాలమీదే ఉంచడం పొరపాటు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ళలోపు పిల్లల్లో దాదాపు 63 శాతానికి రక్తహీనత ఉంది. ఆరు నెలలు నిండగానే మెత్తగా మెదిపిన పప్పన్నం, గుడ్డు, ముల్లు తీసిన చేప మొదలుపెట్టండి. గుడ్డు వేడి చేస్తుందన్న భయం వద్దు.

అపోహ: "వస పోస్తే మాటలు త్వరగా వస్తాయి."

వాస్తవం: రావు. కొందరు పిల్లలకు వాంతులవుతాయి. మాట ఆలస్యమైతే ముందు వినికిడి పరీక్ష చేయించండి, రక్తం, థైరాయిడ్ చూపించండి. థైరాయిడ్ సరిగా పనిచేయడానికి ఇంట్లో అయోడిన్ ఉప్పే వాడండి.

అపోహ: "నెల తప్పాక మాత్రలు మొదలుపెడితే చాలు."

వాస్తవం: మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం గర్భం ఏర్పడిన 28 రోజులకల్లా మూసుకుంటుంది. నెల తప్పిందని తెలిసేసరికే చాలా రోజులు పోతాయి. ఆ నాళం సరిగా మూసుకోవడానికి కావలసిన ఫోలిక్ యాసిడ్ అనే బి విటమిన్‌ను ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ మాత్ర రోజుకు 400 మైక్రోగ్రాములు, బిడ్డ కావాలనుకున్న నెల నుంచే వేసుకోవాలి.