అదురుకి వదిలేసే ప్లగ్గులు: అపోహలు - వాస్తవాలు

టెక్కలి గ్రానైట్ టిప్పర్లకీ, భావనపాడు బోట్లకీ, శ్రీకాకుళం ఆటోలకీ జీపీఎస్‌లు, డ్యాష్‌క్యామ్‌లు, ఛార్జర్లు బిగించడం నా పని. రిపేరుకి తిరిగొచ్చేవాటిలో చాలావరకు బాక్సు నిక్షేపంలా ఉంటుంది. తేడా ప్లగ్గు దగ్గరే. డ్రైవరు మాత్రం "ఏటి బాబూ, పెట్టి నెల కానేదు, అప్పుడే ఆగిపోనాది" అంటూ బాక్సునే తిడతాడు.

అపోహ: ప్లగ్గు చేత్తో లాగినా రావట్లేదంటే కనెక్షన్ బాగున్నట్టే.

అందరూ పప్పులో కాలేసేది ఇక్కడే. బయట గట్టిగా ఉన్నా లోపల పిన్ను, సాకెట్ రేకు మీద రుద్దుకుంటూనే ఉంటుంది. మిల్లీమీటరులో వందో వంతు కదిలినా చాలు. ఎక్కడో గోతిలో పడిన కుదుపు కంటే, ఇంజిన్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఆగని ఈ సన్నటి అదురే ఎక్కువ చేటు చేస్తుంది. మన బండ్లలో చాలా పిన్నులకి టిన్ పూత ఉంటుంది. రాపిడికి ఆ పూత పైపొర లేచిపోయి, గాలి తగిలి ఆక్సైడ్ పొడిగా మారి అక్కడే పేరుకుంటుంది. దీన్నే ఫ్రెట్టింగ్ కరోజన్ అంటారు. పిన్నుని భూతద్దం కింద పెట్టి చూడండి, సాకెట్ రేకు తగిలే చోట ఆవగింజ కంటే చిన్న నల్లమచ్చ కనబడుతుంది. కరెంటుని అడ్డుకునేది అదే.

ప్లగ్గు పీకి మళ్లీ పెడితే ఆ పొడి కాస్త తుడుచుకుపోయి బాక్సు లేచి కూర్చుంటుంది. "తీసి పెడితే బాగైపోయింది" అని వెళ్లిపోయినవాళ్లు కొన్నాళ్లకి మళ్లీ వస్తారు. అలాంటి పిన్నుని మార్చేయాలి. బంగారు పూత పిన్నులకి ఈ బాధ చాలా తక్కువ, కానీ ఒకవైపు బంగారం, ఇంకోవైపు టిన్ పెడితే ఆ లాభం పోతుంది.

మరి చేయాల్సిందేమిటి? వైరుని పట్టుకోవాలి. వైరు ఊగితే ఆ ఊపంతా పిన్ను మీదకే వెళ్తుంది. కనెక్టర్‌కి నాలుగు వేళ్ల దూరంలో ప్లాస్టిక్ కేబుల్ టై వేయండి. ఆ టై కూడా కనెక్టర్ ఏ భాగం మీద ఉందో దానికే వేయాలి. ప్లగ్గు డ్యాష్‌బోర్డు మీద, టై ఇంజిన్ మీద ఉంటే అవి రెండూ వేర్వేరుగా అదిరి మధ్యలో వైరు నలుగుతుంది. ఒక భాగం నుంచి ఇంకోదానికి దాటించక తప్పని చోట వైరు కొంచెం వదులుగా ఉంచాలి. టై పిసికేసినట్టు బిగించొద్దు, ఇన్సులేషన్ కోసుకుపోతుంది.

అపోహ: సోల్డరింగ్ చేస్తే జన్మలో ఊడదు.

ఊడదు, విరుగుతుంది. సోల్డర్ కరిగి వైరు పోగుల్లోకి పాకుతుంది. పాకినంత మేరా వైరు పుల్లలా బిగుసుకుపోతుంది. అదురు వచ్చినప్పుడు, ఆ పుల్ల ఎక్కడ ఆగి మెత్తటి వైరు మొదలవుతుందో సరిగ్గా అక్కడే పోగులు ఒక్కొక్కటీ తెగుతాయి. బండి తయారుచేసే కంపెనీలు వైరింగ్‌లో క్రింపింగ్ (వైరు కొన మీద లోహపు టెర్మినల్‌ని నొక్కి బిగించడం) వాడటానికి ఇదొక కారణం. క్రింపింగ్ అంటే నోటితో కొరికో, కటింగ్ ప్లేయరుతో నొక్కో కాదు (మనవాళ్ల దగ్గర రెండూ చూశాను), దాని టూలుతో నొక్కాలి.

స్క్రూ టెర్మినల్‌లో పెట్టే వైరుకి సోల్డర్ పూయడం ఇంకా చేటు. స్క్రూ ఒత్తిడికి సోల్డర్ మెల్లగా అణిగిపోయి, బిగువు తగ్గుతుంది. అక్కడ వైరు కొనకి ఫెరూల్ (చిన్న లోహపు గొట్టం) తొడగండి.

అపోహ: అనుమానంగా ఉన్నచోట క్విక్ గమ్ చుక్క వేస్తే సరి.

దాని ఆవిరి పిన్నుల మీద పలచటి పొరలా కూర్చుంటే కరెంటు అందదు. పైగా ఎండిన గమ్ పెళుసు, అదురుకి పగులుతుంది. హాట్ గ్లూ సంగతా? మే నెలలో ఎండలో నిలబెట్టిన టిప్పర్ క్యాబిన్‌లో చూడండి, ఎంత మెత్తబడుతుందో.

అపోహ: ఎర్త్ బోల్టుకి (నెగెటివ్ వైరుని బండి బాడీకి కలిపేది) స్ప్రింగ్ వాషర్ ఉంది కాబట్టి వదులవదు.

బోల్టుకి అడ్డంగా అదురు తగిలితే అది ఎలా తిరిగి వదులవుతుందో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు 1969లోనే చూపించాడు. అలాంటి అదురుని స్ప్రింగ్ వాషర్ దాదాపు ఆపలేదు. ముందు పెయింటు గీకి, సరిగ్గా బిగించి, నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండేది) వేయండి. నట్టు పట్టని చోట నీలం రంగు థ్రెడ్‌లాకర్ (బోల్టు మరలకి పూసే జిగురు). దాన్ని ప్లాస్టిక్ కనెక్టర్ల దగ్గరికి మాత్రం రానివ్వొద్దు, కొన్ని ప్లాస్టిక్‌లు పగిలిపోతాయి.

అపోహ: ఐపీ67 అని రాసి ఉంటే అదురుని కూడా తట్టుకుంటుంది.

ఆ నంబరు దుమ్ముకీ, మీటరు లోతు నీళ్లలో అరగంటకీ సంబంధించింది. అదురు ఊసే అందులో లేదు. బోట్లకి మరలున్న రింగు కనెక్టర్లు తీసుకోండి. రింగు సగం తిప్పి వదిలేస్తే అదురుకి వెనక్కి తిరుగుతుంది, ఉప్పునీరు లోపలికి పోతుంది.

అపోహ: సిగరెట్ లైటర్ సాకెట్‌లో ఛార్జర్ ఊడి వస్తోందంటే ఛార్జర్ నాసిరకం.

కావచ్చు. కానీ దాని కొనలో ఉండే స్ప్రింగు పిన్ను, ప్లగ్గుని ఎప్పుడూ బయటికే తోస్తుంటుంది. పక్కనున్న రెండు రేకులే దాన్ని ఆపాలి. కొన్నాళ్లకి అవి అణిగిపోతే అదురుకి ప్లగ్గు మెల్లగా వెనక్కి జరుగుతుంది. ఛార్జర్ తీసి, ఆ రేకుల్ని కొంచెం బయటికి వంచి చూడండి. రోజంతా ఆన్‌లో ఉండాల్సిన డ్యాష్‌క్యామ్ అయితే ఈ సాకెట్‌ని నమ్ముకోకుండా విడిగా లైను లాగించుకోండి. ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా పెట్టమనండి, కెమెరా దగ్గర కాదు.